పొర దాటే ప్రోటీన్: పాలు, పట్టు, ఇన్సులిన్ ఒకే ద్వారం గుండా

క్లుప్తంగా: మన జన్యువులు సూచించే ప్రోటీన్లలో దాదాపు మూడో వంతు తయారైన చోటే ఉండిపోవు. కణం లోపలి పొర ఒకదాన్ని దాటితేనో, అందులో నాటుకుంటేనో తప్ప వాటికి పని మొదలుకాదు. ప్రోటీన్ ఆరంభంలో ఉండే ఒక చిన్న గుర్తు, దాన్ని పసిగట్టే కణిక, పొరలో ఉన్న సన్నని ద్వారం కలిసి ఈ పని చేస్తాయి. ఎక్కడ తేడా వచ్చినా ప్రోటీన్ తయారవుతుంది, ప్రయోజనం మాత్రం ఉండదు.

చిత్తూరు జిల్లాలో పాలు పోసే రైతులకు రెండు అంకెలు బాగా తెలుసు. ఒకటి వెన్న శాతం. రెండోది ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న పోగా పాలలో మిగిలే ఘనపదార్థాల శాతం. పాల కేంద్రంలో యంత్రం చూపే ఈ రెండింటిని బట్టే లీటరు ధర తేలుతుంది. ఒకే పొదుగు నుంచి ఒకే ధారగా వచ్చే ఈ రెండూ కణం లోపలి నుంచి బయటపడే దారులు మాత్రం వేరు. వెన్న బొట్లు కణం అంచుకు చేరి, దాని బయటి పొరనే ఒంటికి చుట్టుకుని ఊడి వస్తాయి. ఎస్‌ఎన్‌ఎఫ్‌లో ప్రధానమైన కేసీన్ లాంటి ప్రోటీన్లకు అది కుదరదు. అవి కణం లోపల ఒక పొరను దాటి, అక్కడి నుంచి సంచుల్లో ప్రయాణించి, చివరికి బయటికి రావాలి.

ఎస్‌ఎన్‌ఎఫ్‌లో మరో పెద్ద భాగమైన లాక్టోస్ కూడా ఈ దారి మీదే ఆధారపడుతుంది. ఆ చక్కెర తయారు కావాలంటే ఆల్ఫా లాక్టాల్బుమిన్ అనే ప్రోటీన్ ముందు పొర దాటి, ప్రోటీన్లను సర్ది పంపే సంచుల దొంతర అయిన గాల్జీ సంక్లిష్టానికి చేరాలి. అక్కడ తయారైన లాక్టోస్ నీటిని తన వైపు లాగుతుంది. పాల పరిమాణం పెరిగేది అలాగే. ఈ ప్రోటీన్ జన్యువును తొలగించిన ఎలుకల్లో లాక్టోస్ లేని పాలు వచ్చాయి. అవి ఎంత చిక్కగా ఉన్నాయంటే, పిల్లలు వాటిని పీల్చుకోలేకపోయాయి.

డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ అనే క్రమం ఇంటర్ చదివిన వారందరికీ కంఠతా వస్తుంది. తయారైన ప్రోటీన్ తన చోటికి ఎలా చేరుతుందన్నది మాత్రం చాలామందికి ఒక్క వాక్యంలో ముగిసిపోయే సంగతి. తిరుపతిలోనూ, దాని చుట్టుపక్కలా పశువైద్య విశ్వవిద్యాలయం, వైద్య కళాశాలలు, ఏర్పేడు దగ్గర ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఉన్నాయి. పాల గురించి చదివేవారు, మధుమేహం గురించి చదివేవారు, ప్రోటీన్ల ఆకృతుల గురించి చదివేవారు మూడు వైపుల నుంచి వచ్చి తగిలేది ఈ ప్రశ్నకే. ప్రోటీన్ పనిలో సగం దాని ఆకృతి మీద ఆధారపడితే, మిగతా సగం అది ఉన్న చోటు మీద ఆధారపడుతుంది. ఈ రెండో సగానికి దక్కాల్సినంత చోటు పాఠాల్లో దక్కలేదనే చెప్పాలి.

పొర ఎందుకు అడ్డు

కణంలోని పొరలన్నీ కొవ్వు అణువులు రెండు వరుసలుగా పేర్చుకోవడం వల్ల ఏర్పడినవే. మందం నాలుగైదు నానోమీటర్లు. అందులో నడుమ ఉండే, నీరంటే గిట్టని జిడ్డు భాగం సుమారు మూడు నానోమీటర్లు. చూడటానికి ఇది ఏపాటి దూరమూ కాదు. కానీ ఒక్క సోడియం అయాను కూడా సొంతంగా దాన్ని దాటలేదు. అలాంటప్పుడు వందలాది అమైనో ఆమ్లాల గొలుసు, అందులోనూ విద్యుదావేశం ఉన్నవీ నీటిని కోరేవీ అడుగడుగునా ఉన్న గొలుసు, దానంతట అది దాటే ప్రసక్తే లేదు.

రంధ్రం పెడితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సరిపోదు. కేసీన్ లాంటి ప్రోటీన్లు దాటే పొర అంతర్జీవ ద్రవ్యజాలానిది, అంటే కణం లోపల అల్లుకున్న గొట్టాలూ సంచుల వలది. దాని లోపల కాల్షియం అయాన్ల గాఢత చుట్టూ ఉన్న కణద్రవ్యంలో కంటే వేల రెట్లు ఎక్కువ. కండరం బిగిసేందుకు, గ్రంథి స్రవించేందుకు కణం వాడుకునే నిల్వ అది. మైటోకాండ్రియాలో చూస్తే, లోపలి పొరకు రెండు వైపులా ఉండే విద్యుత్ తేడాయే కణం శక్తిగా వాడుకునే ఏటీపీ అణువుల్లో అధిక భాగాన్ని పుట్టిస్తుంది. రంధ్రం తెరిచే ఉంటే ఈ రెండూ క్షణాల్లో హరించుకుపోతాయి. పెద్ద గొలుసు వెళ్లాలి, దాని పక్క నుంచి అతి చిన్న అయాను జారకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

దీనికి తోడు మడత సమస్య. ప్రోటీన్ గొలుసు తయారవుతుండగానే ముడుచుకుని తన ఆకృతిలోకి రావడం మొదలుపెడుతుంది. ముడుచుకున్న ప్రోటీన్ వెడల్పు సన్నని ద్వారానికి పట్టదు. కాబట్టి ముడుచుకోకముందే దాటించాలి, లేదా ముడుచుకోకుండా పట్టి ఉంచాలి. కణాలు ఈ రెండు మార్గాలనూ వాడుకుంటాయి.

కుక్క క్లోమం ఇచ్చిన సాక్ష్యం

స్రవించే ప్రోటీన్లు ఏ దారిన వెళతాయో ముందుగా చూపింది జార్జ్ పలాడే. గినీపిగ్ క్లోమం ముక్కలకు రేడియోధార్మిక అమైనో ఆమ్లాన్ని కొద్ది నిమిషాలు అందించి, ఆ తరువాత మామూలు అమైనో ఆమ్లం ఇస్తూ, కొత్తగా తయారైన ప్రోటీన్ ఎప్పుడెక్కడ ఉందో ఆయన బృందం గమనించింది. మొదట రైబోసోములు (ప్రోటీన్లను తయారుచేసే యంత్రాలు) అంటుకుని ఉన్న గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం, తరువాత గాల్జీ, రెండు గంటలు గడిచేసరికి స్రావక రేణువులు. 1974 నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో పలాడే ఒకరు. అయితే అసలు ప్రశ్న అలాగే మిగిలింది. కణద్రవ్యంలో తేలే రైబోసోములకూ, ద్రవ్యజాలానికి అంటుకున్న రైబోసోములకూ తేడా లేదు. మరి కొన్ని ప్రోటీన్లే ద్రవ్యజాలంలోకి ఎందుకు వెళతాయి?

పలాడే పనిచేసిన న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలోనే గుంటర్ బ్లోబెల్, డేవిడ్ సబాటిని 1971లో ఒక ఊహ ముందుకు తెచ్చారు. గుర్తు రైబోసోములో ఉండదు, తయారవుతున్న ప్రోటీన్ ఆరంభంలోనే ఉంటుందని వారు అన్నారు. అప్పటికి దానికి రుజువు లేదు. మరుసటి ఏడాది సీజర్ మిల్‌స్టీన్ బృందం, ప్రతిరక్షకంలోని చిన్న గొలుసు తొలుత తయారైనప్పుడు స్రవించిన దానికంటే కాస్త పొడవుగా ఉంటుందని గమనించింది. ఆ అదనపు ముక్క దేనికన్న ప్రశ్నకు ఊహ సరిగ్గా సరిపోయింది.

1975లో బ్లోబెల్, బర్న్‌హార్డ్ డాబర్‌స్టీన్ చేసిన ప్రయోగం దీన్ని తేల్చింది. అది నేటికీ చదవదగ్గ ప్రయోగం, ఎందుకంటే అందులో కణమే లేదు. ప్రతిరక్షకపు చిన్న గొలుసుకు చెందిన ఆర్‌ఎన్‌ఏ, రైబోసోములు, అవసరమైన ఇతర ద్రవ్యాలు ఒక గొట్టంలో కలిపారు. పొరలు లేనప్పుడు పొడుగు ప్రోటీన్ వచ్చింది. కుక్క క్లోమం నుంచి తీసిన గరుకు ద్రవ్యజాలపు చిన్న సంచులను తయారీ జరుగుతుండగా కలిపితే, అదనపు ముక్క తెగిపోయిన పొట్టి ప్రోటీన్ వచ్చింది. దాని మీద ప్రోటీన్లను నరికే ఎంజైమ్ వేసినా చెక్కుచెదరలేదు. అంటే అది సంచి లోపలికి చేరి, ఎంజైమ్‌కు అందకుండా ఉంది. ఇక్కడి నుంచే అసలు విషయం బయటపడింది. తయారీ పూర్తయ్యాక సంచులు కలిపితే ఏమీ జరగలేదు. ముక్క తెగలేదు, ప్రోటీన్ లోపలికి పోలేదు, ఎంజైమ్ దాన్ని తినేసింది. దాటడం తయారీతో పాటు జరగాల్సిందేనని, ఆలస్యమైతే ద్వారం పనికిరాదని దీంతో తెలిసింది.

కుక్క క్లోమమే ఎందుకన్నదానికి ఒక సాదా కారణం ఉంది. ఆర్‌ఎన్‌ఏను నాశనం చేసే ఎంజైమ్ చాలా జంతువుల క్లోమంలో విపరీతంగా ఉంటుంది, కుక్కలో అది తక్కువ. గొప్ప సిద్ధాంతాలు కొన్నిసార్లు ఇలాంటి చిన్న సౌకర్యాల మీద నిలబడతాయి. బ్లోబెల్‌కు 1999లో నోబెల్ దక్కింది. చిన్ననాడు యుద్ధంలో ధ్వంసం కావడం తాను చూసిన డ్రెస్డెన్ నగరపు పునర్నిర్మాణానికి ఆయన ఆ డబ్బును దాదాపు పూర్తిగా ఇచ్చేశారు.

పిన్‌కోడ్‌తో పోలిక ఎక్కడిదాకా

ప్రోటీన్ ఆరంభంలోని ఈ గుర్తును పిన్‌కోడ్‌తో పోల్చడం మామూలే. సంకేత పెప్టైడ్ అనే ఈ ముక్క ఎక్కువగా 15 నుంచి 30 అమైనో ఆమ్లాల పొడవుంటుంది. ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది కాబట్టి పోలిక మొదటి అడుగులో బాగానే ఉంటుంది. రెండో అడుగులో తడబడుతుంది. 517501 అంటే తిరుపతి, 517504 అంటే తిరుమల. ఒక్క అంకె మారితే ఉత్తరం కొండ దిగువన కాక పైన తేలుతుంది. సంకేత పెప్టైడ్లు అలా పనిచేయవు. రెండు స్రావక ప్రోటీన్ల సంకేతాలను పక్కపక్కన పెడితే ఒక్క అక్షరం కూడా కలవకపోవచ్చు. అయినా రెండూ ఒకే ద్వారానికి చేరతాయి.

వాటిలో కలిసేది అక్షరాల వరుస కాదు, స్వభావం. మొదట్లో ధనావేశం ఉన్న ఒకటి రెండు అమైనో ఆమ్లాలు, నడుమ నీరంటే గిట్టని ఏడు నుంచి పదిహేను అమైనో ఆమ్లాలు, చివర ఎంజైమ్ కత్తిరించడానికి వీలుగా చిన్న అమైనో ఆమ్లాలు. ఇంత ఉంటే చాలు. 1987లో ఈస్ట్‌కు చెందిన ఇన్వర్టేజ్ ఎంజైమ్ సంకేతాన్ని తీసేసి, దాని స్థానంలో యాదృచ్ఛికంగా దొరికిన వరుసలు పెట్టి చూశారు. అందులో దాదాపు అయిదో వంతు ఎంతో కొంత పనిచేశాయి! అడ్డదిడ్డంగా రాసిన చిరునామాల్లో అయిదింట ఒకటి గమ్యం చేరిందన్నమాట. గుర్తు ఇంత వదులుగా ఉండటం లోపంలా కనిపిస్తుంది కానీ, పరిణామ క్రమంలో కొత్త ప్రోటీన్లు బయటికి దారి వెతుక్కోవడానికి ఇదే వెసులుబాటు ఇచ్చిందని భావించవచ్చు.

పోలిక కుదరని చోటు ఇంకొకటి ఉంది. గుర్తు పని అయిపోగానే తెగిపోతుంది. గేదె పాలలో గానీ ఆవు పాలలో గానీ ఉన్న కేసీన్‌ను పరీక్షిస్తే ఆ గుర్తు జాడ కనబడదు. ఆవు పాలలోని ఆల్ఫా ఎస్1 కేసీన్ 214 అమైనో ఆమ్లాలతో తయారవుతుంది, పాలలోకి వచ్చేసరికి 199 ఉంటాయి. ఆ పదిహేనూ దారిలోనే పోతాయి.

ఆగడం, చేరడం, తెరుచుకోవడం

రైబోసోములో తయారయ్యే గొలుసు ఒక సొరంగం గుండా బయటికి వస్తుంది. ముప్పై నలభై అమైనో ఆమ్లాలు ఎప్పుడూ అందులోనే దాగి ఉంటాయి. సంకేతం పూర్తిగా బయటికి తొంగిచూసే సమయానికి గొలుసు పొడవు సుమారు డెబ్బై అయి ఉంటుంది. అప్పుడు దాన్ని పట్టుకునేది ఎస్‌ఆర్‌పి అనే కణిక. ఆరు ప్రోటీన్లు, సుమారు మూడు వందల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ కలిసిన నిర్మాణం ఇది. 1980ల ఆరంభంలో పీటర్ వాల్టర్, బ్లోబెల్ దీన్ని విడదీసి చూపారు. దీనిలో సంకేతాన్ని పట్టే గాడి మెథియోనిన్ అనే వంగే స్వభావమున్న అమైనో ఆమ్లంతో నిండి ఉంటుంది. రకరకాల సంకేతాలకు ఒకే గాడి చోటివ్వడానికి కారణం అదే.

ఎస్‌ఆర్‌పి పట్టుకోగానే గొలుసు తయారీ నెమ్మదిస్తుంది. బ్లోబెల్ గొట్టంలో ఆలస్యంగా కలిపిన సంచులు ఎందుకు పనికిరాలేదో గుర్తుంటే, ఈ నెమ్మది విలువ తెలుస్తుంది. గొలుసు మరీ పొడుగై ముడుచుకుపోకముందే రైబోసోము పొర దగ్గరికి చేరాలి. పొర మీద ఎస్‌ఆర్‌పి కోసం ఒక గ్రాహకం ఉంటుంది. రెండూ జీటీపీ అనే శక్తి అణువును పట్టుకుని ఒకదానితో ఒకటి బిగుస్తాయి. రైబోసోము ద్వారం మీద కూర్చున్నాక జీటీపీ విడిపోతుంది, కణిక ఊడిపోయి మరో గొలుసు కోసం వెళుతుంది, ఆగిన తయారీ మళ్లీ సాగుతుంది.

ద్వారం పేరు సెక్-61. ఈస్ట్‌లో ఈ జన్యువును 1987లో రాండీ షెక్మన్ ప్రయోగశాల పట్టుకుంది. అది లోపించిన ఈస్ట్ కణాల్లో ప్రోటీన్లు తయారై కూడా కణద్రవ్యంలోనే పడి ఉండేవి. ద్వారం రూపం తెలియడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. 2004లో టామ్ రాపపోర్ట్ బృందం ఒక ఆర్కియా సూక్ష్మజీవిలో దీనికి సమానమైన ప్రోటీన్ ఆకృతిని ఎక్స్-కిరణాలతో రాబట్టింది. ఆ నిర్మాణం చూశాక పాత చిక్కు చాలావరకు విడిపోయింది.

ద్వారం రెండు కొసల్లో వెడల్పు, నడుమ సన్నం. ఆ సన్నని చోట నీరంటే గిట్టని ఆరు అమైనో ఆమ్లాలు వలయంగా నిలబడి ఉంటాయి. గొలుసు వెళుతున్నప్పుడు అవి దాని చుట్టూ బిగుసుకుంటాయి కాబట్టి అయాన్లు పక్క నుంచి జారలేవు. గొలుసు లేనప్పుడు చిన్న బిరడా లాంటి భాగం కిందినుంచి అడ్డుపడుతుంది. సంకేత పెప్టైడ్ వచ్చి ద్వారం పక్కగోడలో ఇరుక్కున్నప్పుడే అది తొలగుతుంది. గుర్తును ఇలా రెండుసార్లు పరీక్షిస్తారు, మొదట ఎస్‌ఆర్‌పి దగ్గర, మళ్లీ ద్వారం దగ్గర.

పక్కగోడ సంగతి విశేషమైనది. ద్వారం ముందుకే కాక పక్కకు కూడా తెరుచుకుంటుంది, నేరుగా పొరలోని కొవ్వులోకి. దాటుతున్న గొలుసులో నీరంటే గిట్టని పొడవాటి భాగం తగిలితే, అది ముందుకు పోకుండా పక్క నుంచి పొరలోకి జారి అక్కడే నాటుకుంటుంది. నరాల్లోని అయాన్ ద్వారాలు, హార్మోన్ గ్రాహకాలు, కణం ఉపరితలం మీద ఉండే ప్రోటీన్లలో ఎన్నో ఇలా నాటుకున్నవే. దాటించడానికీ, నాటడానికీ ఒకటే యంత్రం. ఏది జరగాలో గొలుసు స్వభావమే నిర్ణయిస్తుంది.

నెట్టేదెవరు, లాగేదెవరు

తయారీతో పాటు దాటే ప్రోటీన్ల విషయంలో ప్రత్యేకమైన తోపు అక్కర్లేదు. రైబోసోము ద్వారానికి అతుక్కుని ఉండటం వల్ల పెరిగే గొలుసుకు వేరే దారి ఉండదు. లోపలి వైపు బిప్ అనే ప్రోటీన్ వచ్చిన భాగాన్ని పట్టుకుని వెనక్కి జారకుండా చూస్తుంది. ఈస్ట్‌లో కొన్ని ప్రోటీన్లు పూర్తిగా తయారయ్యాకే వెళతాయి. అక్కడ పనంతా బిప్‌దే. గొలుసు అటూ ఇటూ కదులుతుంటుంది, లోపలికి వచ్చినంత మేర బిప్ అణువులు ఒకదాని తరువాత ఒకటి పట్టుకుంటాయి. ఏటీపీ ఖర్చవుతుంది. బాక్టీరియాలో ఇందుకు వ్యతిరేకం. వాటికి పొర అవతల పట్టుకునేవారు లేరు, కణం బయట ఏటీపీ ఉండదు. కాబట్టి సెక్-ఏ అనే యంత్రం లోపలి నుంచి గొలుసును దశలవారీగా బయటికి నెడుతుంది.

మైటోకాండ్రియా దారి వేరు

మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉన్నా, మనిషిలో అది తయారుచేసేది 13 ప్రోటీన్లు మాత్రమే. మిగిలిన వెయ్యికి పైగా ప్రోటీన్లు కణద్రవ్యంలో తయారై లోపలికి రావాలి. ఇవి చాలావరకు తయారీ పూర్తయ్యాకే వస్తాయి. వాటి గుర్తుకు ఒక పక్క ధనావేశం, మరో పక్క జిడ్డు స్వభావం ఉంటాయి. మైటోకాండ్రియా లోపలి భాగం రుణావేశంతో ఉంటుంది, తేడా సుమారు 150 మిల్లీవోల్టులు. ధనావేశపు గుర్తును ఆ విద్యుత్ తేడాయే లోపలికి లాగుతుంది. ఏటీపీ పుట్టించే శక్తి ప్రోటీన్ల రాకకూ పనికొస్తోందన్నమాట.

మడత విప్పడం ఎంత అవసరమో నిరూపించిన ప్రయోగం ఇక్కడిదే. 1986లో గాట్‌ఫ్రీడ్ షాట్జ్ ప్రయోగశాలలో, మైటోకాండ్రియా గుర్తును ఎలుకకు చెందిన డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్‌కు అతికించారు. అది చక్కగా లోపలికి వెళ్లింది. తరువాత మెథోట్రెక్సేట్ కలిపారు. కీళ్లవాతానికి, కొన్ని క్యాన్సర్లకు వైద్యులు రాసే మందే ఇది. ఈ మందు ఆ ఎంజైమ్‌ను గట్టిగా పట్టుకుని దాని మడతను విడిపోనివ్వదు. మందు ఉన్నంతసేపు ప్రోటీన్ లోపలికి వెళ్లలేకపోయింది. గుర్తు ఉంది, ద్వారం ఉంది, శక్తి ఉంది, మడత విడలేదు కాబట్టి ప్రయాణం ఆగిపోయింది.

అయితే దీన్ని అన్ని పొరలకూ వర్తించే నియమంగా తీసుకుంటే పొరపాటు. పెరాక్సిసోములు అనే చిన్న సంచుల్లోకి ముడుచుకున్న ప్రోటీన్లు, జంటలుగా కట్టుకున్నవి కూడా వెళ్లిపోతాయి. వాటి గుర్తు ఆరంభంలో కాదు, చివర ఉంటుంది. ఎక్కువ వాటిలో సెరీన్, లైసీన్, ల్యూసీన్ అనే మూడే అమైనో ఆమ్లాలు. సురేశ్ సుబ్రమణి ప్రయోగశాల దీన్ని పట్టింది మిణుగురు పురుగు వెలుగుకు కారణమైన ఎంజైమ్‌లో. కేంద్రకంలోకి కూడా ముడుచుకున్న ప్రోటీన్లే వెళతాయి, కానీ అక్కడ కొవ్వు పొరను చీల్చుకుని పోయే అవసరం లేదు, రెండు పొరలనూ కలిపి ఏర్పడిన పెద్ద రంధ్రాలున్నాయి.

పట్టుగూడు వెనుక తనిఖీ

పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో మల్బరీ తోటలున్న రైతులకు పట్టుపురుగు చంద్రికల (గూళ్లు అల్లుకునే తడికల) మీద గూడు అల్లుతుంటే చూడటం అలవాటే. ఆ దారం ప్రధానంగా ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్. దాని పెద్ద గొలుసులో 5,263 అమైనో ఆమ్లాలు ఉంటాయి. జంతుకణాల్లో సాధారణంగా కనిపించే సెకనుకు అయిదారు అమైనో ఆమ్లాల వేగంతో లెక్కవేస్తే, ఒక్క గొలుసు పూర్తికావడానికి పావుగంట దాకా పడుతుంది. అంతసేపూ ఆ రైబోసోము పట్టుగ్రంథిలోని కణపు ద్వారాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది.

దాటడంతో పని అయిపోదనడానికి పట్టుపురుగులే మంచి సాక్ష్యం. ద్రవ్యజాలం లోపల పెద్ద గొలుసు, చిన్న గొలుసు గంధకపు బంధంతో కలవాలి. ఆ జంటలు ఆరు, పీ-25 అనే మరో ప్రోటీన్ ఒకటి కలిస్తే బయటికి వెళ్లే గుంపు తయారవుతుంది. చిన్న గొలుసు జన్యువు పాడైన ఒక రకం పట్టుపురుగులు ఉన్నాయి. వాటిలో పెద్ద గొలుసు తయారవుతుంది, పొర కూడా దాటుతుంది. తన జంట దొరక్క ద్రవ్యజాలంలోనే నిలిచిపోతుంది. ఆ పురుగులు అల్లే గూడు పలుచగా, బంకలాంటి సెరిసిన్‌తో మాత్రమే ఉంటుంది. పట్టుకు కావలసిన ముడిసరుకంతా కణంలో ఉండి కూడా దారం రాదు.

వేరుశనగలో గమ్యం వేరు. గింజలోని నిల్వ ప్రోటీన్లు ఇదే ద్వారం దాటుతాయి కానీ కణం బయటికి రావు, కణం లోపలి నిల్వ సంచులైన రిక్తికల్లో చేరి మొలకెత్తే రోజు దాకా అక్కడే ఉంటాయి. నూనె బొట్లు మాత్రం ద్రవ్యజాలపు పొరలోని రెండు వరుసల మధ్యే ఊరి, అక్కడి నుంచి విడిపోతాయి.

చోటు తప్పితే

ఇన్సులిన్ 110 అమైనో ఆమ్లాల గొలుసుగా మొదలవుతుంది. మొదటి 24 సంకేతం. అది తెగితే 86, మధ్య భాగం కూడా పోతే మిగిలేది 51. కొందరు శిశువుల్లో సంకేతపు చివరి అమైనో ఆమ్లం, అంటే 24వది, అలనిన్‌కు బదులు అస్పార్టిక్ ఆమ్లంగా మారి ఉంటుంది. కత్తిరించే ఎంజైమ్‌కు అది పొసగదు. తెగని గొలుసు ద్రవ్యజాలంలో పేరుకుని కణాన్నే దెబ్బతీస్తుంది. రెండు జన్యు ప్రతుల్లో ఒకటి బాగున్నా సరే, పుట్టిన కొద్ది నెలల్లోనే మధుమేహం వస్తుంది. ఇది అరుదైన రకం. పెద్దల్లో సాధారణంగా కనిపించే టైప్-2 మధుమేహానికి కారణం ఇది కాదు.

ఇంతకంటే విచిత్రమైనది ప్రైమరీ హైపరాక్సలూరియా మొదటి రకం అనే జన్యుపరమైన జబ్బు. కాలేయంలో ఏజీటీ అనే ఎంజైమ్ పెరాక్సిసోముల్లో ఉండి ఆక్సలేట్ పేరుకోకుండా చూస్తుంది. కొందరు రోగుల్లో ఒక సాధారణ జన్యుభేదం వల్ల ఆ ఎంజైమ్ ఆరంభంలో బలహీనమైన మైటోకాండ్రియా గుర్తు ఏర్పడుతుంది. దానికి మరో మార్పు తోడైతే ఎంజైమ్‌లో అధికభాగం మైటోకాండ్రియాకు వెళ్లిపోతుంది. అక్కడ అది పనిచేయగలదు, కానీ చేయాల్సిన పని అక్కడ లేదు. ఆక్సలేట్ పెరిగి మూత్రపిండాల్లో రాళ్లు కడతాయి, చివరికి మూత్రపిండాలే విఫలం కావచ్చు. మాంసాహార జంతువుల్లో ఇదే ఎంజైమ్ ఎక్కువగా మైటోకాండ్రియాలోనూ, శాకాహార జంతువుల్లో పెరాక్సిసోముల్లోనూ ఉంటుంది. అంటే తప్పు చోటు అన్నది ఎంజైమ్‌ను బట్టి కాదు, ఆ జీవి తినే తిండిని బట్టి తేలుతోంది.

ద్వారాన్నే మూసేసే జీవులూ ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కనిపించే బురులి పుండుకు కారణమైన బాక్టీరియా మైకోలాక్టోన్ అనే విషాన్ని వదులుతుంది. అది సెక్-61లో ఇరుక్కుని గొలుసులను దాటనివ్వదు. రక్షక కణాలు తమ హెచ్చరిక ప్రోటీన్లను బయటికి పంపలేవు. పుండు పెద్దదవుతున్నా ఆ చోట వాపూ నొప్పీ అంతగా కనబడకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

టీకాలో అరువు తెచ్చుకున్న గుర్తు

గుర్తుకు తన ప్రోటీన్‌తో శాశ్వత బంధం లేదు కాబట్టి దాన్ని విడదీసి వేరే ప్రోటీన్‌కు తగిలించవచ్చు. జీవసాంకేతిక పరిశ్రమ దీన్ని రోజూ వాడుకుంటుంది. తిరుపతి, చిత్తూరు వాసుల్లో చాలామందికి తెలియకుండానే ఇందుకు ఒక ఉదాహరణ వారి భుజంలోకి వెళ్లింది. కోవిషీల్డ్ టీకాలో కరోనా వైరస్ కొమ్ము ప్రోటీన్ జన్యువుకు ముందు భాగంలో టీపీఏ అనే మానవ ప్రోటీన్ సంకేతాన్ని అమర్చారు. టీపీఏ రక్తంలోకి స్రవించి గడ్డలను కరిగించే ప్రోటీన్. గుండెపోటులో, పక్షవాతంలో మందుగా ఇచ్చేది కూడా అదే. టీకాలోకి తెచ్చింది ఆ మందు గుణాన్ని కాదు, పొర దగ్గరికి చేర్చే దాని ఆరంభపు ముక్కను మాత్రమే. టీకా అందిన కణంలో కొమ్ము ప్రోటీన్ తయారవుతుండగానే ఎస్‌ఆర్‌పి ఆ ముక్కను పట్టుకుంటుంది, గొలుసు ద్వారంలోకి దిగుతుంది, ముక్క తెగిపోతుంది. గొలుసు చివర ఉన్న జిడ్డు భాగం పక్కగోడ నుంచి పొరలోకి జారడం వల్ల ప్రోటీన్ బయటికి కొట్టుకుపోకుండా కణం ఉపరితలం మీద నిలబడుతుంది. ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలు దాన్ని గుర్తించేది అక్కడే.

కోవాగ్జిన్‌కు ఈ దారి అవసరం లేదు. అందులో ఉన్నది ప్రయోగశాల కణాల్లో పెంచి, నిర్వీర్యం చేసిన వైరస్. దాని కొమ్ము ప్రోటీన్ పొర దాటడం సీసాలోకి చేరకముందే, ఆ కణాల్లోనే, వైరస్‌కు సొంతంగా ఉన్న గుర్తు సాయంతోనే జరిగిపోయింది.